సుంకన్నకొండ మీద మూడో పిలుపు

పూర్వం, వానకు ముఖం వాచిన సీమలో, ఒక ఎర్రరాతి కొండగుహలో ఉపశమముని అనే మహానుభావుడు పన్నెండేండ్ల మౌనదీక్ష పూని తపమాచరిస్తూ ఉండేవాడు. దీక్ష నిండేవేళకు తానే వచ్చి పేరు పెట్టి పిలుస్తాననీ, అప్పుడు పలికితే చాలుననీ ఆయనకు స్వప్నంలో శివుని ఆనతి అయింది. ఆ ఒక్క పిలుపు కోసమే ఆ సాధువు చెవులు రిక్కించుకొని కూర్చున్నాడు.

ఆయన కీర్తి విని నలభైమంది సాధకులు కొండెక్కి, గుహ ముందు మంటపం కట్టుకొని, తామూ మౌనం పట్టారు. వారికి ప్రధానశిష్యుడు తత్త్వానందుడు. బయటి వ్యవహారమంతా ఊరిపెద్ద ఓబుళనాయకుడిది. మౌనం మునిది, పెత్తనం వీరిద్దరిది. గంట నాలుకకు గుడ్డ చుట్టించారు. మెడలో మువ్వలున్న మేకలను ఆ చాయలకు రానివ్వలేదు. దీక్ష ముగిసిననాడు మునిని కూర్చోబెట్టడానికి ఒక శిలాపీఠం చెక్కించి, దానికి అటూ ఇటూ ఇంకో రెండు చిన్న పీఠాలు కూడా చెక్కించారు. ఆ రెండూ ఎవరికో వేరే చెప్పనక్కరలేదు.

మునికి నిత్యం అంబలి తెచ్చేది ఉరుకుందవ్వ అనే వృద్ధురాలు. లోయ దాటి, కొండచరియ వెంట, నెత్తిన కుండతో వచ్చేది. ఆమె ముని తల్లికి చెలికత్తె. ఆయనను పూర్వాశ్రమ నామంతో సుంకన్నా అనే పిలిచేది. ఆ పేరు ఈ పవిత్రస్థలంలో ఎత్తరాదని ఓబుళనాయకుడు ఒకనాడు కసురుకుంటే, "పొత్తిళ్లలో ఎత్తుకున్నోనికి నేను కొత్త పేరు యాడ తెచ్చేది నాయనా?" అని కుండ దించి తన దారిన తాను పోయింది.

దీక్షకు కడపటి దినం, పొద్దు బారెడెక్కిన వేళ, ఆ అవ్వ చరియ మీద కాలుజారి లోయలోకి ఒరిగి, ఒక చెట్టువేరు పట్టుకొని వేలాడింది. కింద నూరు నిలువుల లోతు. "సుంకన్నా!" అని కేక వేసింది. మంటపంలో నలభైమందికీ ఆ కేక వినబడింది. ఒక్కరైనా లేవలేదు. లేవబోయిన ఒకరిద్దరిని తత్త్వానందుడు అరచెయ్యి ఎత్తి కూర్చోబెట్టాడు. ఓబుళనాయకుడు పెదవుల మీద వేలుంచుకున్నాడు. అసలు దీక్షే పట్టని ఆ పెద్దమనిషి నోటికేం రోగం వచ్చింది? ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ఒక ముసలిప్రాణం వేరు పట్టుకొని ఊగుతుంటే, వీళ్లు పుణ్యం ఎక్కడ ఒలికిపోతుందోనని నోళ్లు బిగించుకొని కూర్చున్నారు.

రెండో కేక వినబడింది. వేరు తెగుతున్నది. "సుంకన్నా, సస్తాండా నాయనా!" అని మూడో కేక వినబడేసరికి గుహలోంచి ముని బయటికి వచ్చాడు. పన్నెండేండ్లు ముడుచుకున్న కాళ్లు నిలవకపోతే చేతుల మీద పాకుతూ వచ్చాడు. దీక్ష చెడుతుందని తత్త్వానందుడు పాదాలు పట్టుకోగా విదిలించుకొని, "అవ్వా, వస్తాండా!" అని కొండ అదిరేటట్టు పలికాడు. ఆ పలుకుతోనే నున్నటి చరియలోంచి, సరిగ్గా అవ్వ పాదాల కింద, జానెడు రాయి బయటికి పొడుచుకొచ్చి ఆమెను నిలబెట్టింది. ముని ఆ ఇద్దరు పెద్దల పట్టుశాలువలు లాగి, ముడివేసి, లోయలోకి వదిలాడు. సాధకులు అప్పుడు గాని లేచి చేయివేయలేదు.

అవ్వ పైకి వచ్చి ఇంకా వణుకుతూనే ఉన్నది. ఓబుళనాయకుడు మాత్రం ఈ ముసలిదాని మూలాన వ్రతం భంగమైందనీ, కొండకు సంప్రోక్షణ చేయించాలనీ అందుకున్నాడు. ముని ఆయనవైపు చూసి, "శివుడు ఉపశమమునీ అని పిలుస్తాడని చెవులొగ్గి కూర్చున్నాను. మా అమ్మ పెట్టిన పేరుతో పిలిచినాడు. మొదటి పిలుపు నాకూ వినబడింది, రెండోదీ వినబడింది. అయినా కూర్చునే ఉన్నాను. సంప్రోక్షణ చేస్తే నాకు చెయ్యండి" అని కంటతడి పెట్టాడు. ఆనాటి నుంచి ఆయన పీఠమెక్కలేదు, గుహలోకి మళ్లీ పోలేదు. గుహకు వీపు పెట్టి, లోయవైపు ముఖం పెట్టి, చరియ అంచునే కూర్చొని కాలం వెళ్లదీశాడు.

ఆ జానెడు రాయి ఈనాటికీ చరియలో కనబడుతుంది. దాని మీద రెండు పాదాల గుంటలున్నాయి. మూడు పీఠాలూ ఖాళీగానే ఉన్నాయి. ధ్యానానికి వచ్చినవారికి ఉపదేశం చేసే గురువులు ఇప్పటికీ గుహకు వీపు పెట్టే కూర్చుంటారు. కొండ మొదట్లో పెద్దలు శ్రీ ఉపశమగిరి అని పలకరాయి నాటించినా, దారి అడిగితే మేకలకాపరులు సుంకన్నకొండ అనే చెబుతారు. ఏటా ఆ దినాన ఊరి అవ్వ ఒకామె అంబలికుండతో చరియ దగ్గర నిలబడి సుంకన్నా అని పిలుస్తుంది. గురువులూ ఊరిపెద్దలూ మొదటి పిలుపుకే పలకాలి, పలికితేనే ప్రసాదం.

పోయినేడు వారు కళ్లు మూసుకొని, రెండో పిలుపుకు గాని పలకలేదు. ఆ అవ్వ కుండ మళ్లీ నెత్తికెత్తుకొని, ఒక్క చుక్క పోయకుండా కొండ దిగిపోయింది.