సాక్ష్యానికి కర్త

దీవెనమ్మ టీచరుకి ఒక అలవాటుంది. ఎవరు ఏ ప్రశ్న తెచ్చినా, జవాబు చెప్పే ముందు ఆ వాక్యంలో కర్త ఎవరని అడుగుతుంది. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు వ్యాకరణం చెప్పి, రిటైరయ్యాక మా రేవుపేట సంఘంలో ఆడపిల్లలకి శనివారాలు బైబిలు చెబుతున్న మనిషి. పరిశుద్ధ గ్రంథం ముందు కూర్చున్నా కర్త, కర్మ, క్రియ ఆమెను వదలవు.

ఆ శనివారం ప్రశ్న తెచ్చింది హెప్సిబా. తెచ్చింది అనడం తక్కువ, విసిరింది. కాలేజీ వక్తృత్వ పోటీల్లో మూడు కప్పులు గెల్చుకొచ్చిన పిల్ల మరి.

"టీచర్, దొంగసాక్ష్యం చెప్పిన మనిషిని రేపు ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె, రసం పుచ్చుకోడానికి, రానివ్వచ్చా? రానిస్తే అది కృపా, చేతకానితనమా?"

ఎవరి సంగతో అక్కడున్న అందరికీ తెలుసు. మా సంఘంలో పాటలు పాడే సలోమి. పక్క ఊళ్లో స్వస్థత సభలు జరిగినప్పుడు వేదికెక్కి, "ప్రార్థనతో నా సుగరు పోయింది, సూదులు చెత్తబుట్టలో పారేశాను" అని సాక్ష్యం చెప్పింది. ఆ వీడియో ఊరూరా తిరిగింది. మా పేటలో ఇడ్లీలు అమ్ముకునే మార్తమ్మ అది చూసి తనూ సూదులు మానేసింది. మూడు నెలలకి ఆసుపత్రిలో ఆమె కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. ఆ తర్వాత వారానికే, మందుల షాపులో అదే సూదిమందు కొంటున్న సలోమిని ఒక టీవీ చానెల్ కెమెరా పట్టుకుంది. పోలీసు కేసయింది. బస్టాండులో ఎవడో హెప్సిబాని ఆపి, "ఏమ్మా, మీవాళ్లకి పోయిన సుగరు బస్సెక్కి తిరిగొచ్చిందంట కదా!" అన్నాడు. ఆ మాట పిల్లకి ముల్లులా దిగింది.

టీచరు వాదించలేదు. "రేపు సాక్ష్యాల వేళ నువ్వూ లేచి చెప్పు," అంది. "కోర్టు పిలిస్తే సలోమి గురించి అక్షరం దాచకుండా చెప్పు. అది కోర్టు సాక్ష్యం. గుళ్లో చెప్పే సాక్ష్యం మాత్రం 'నేను'తో మొదలవ్వాలి, 'ను'తో ముగియాలి. చేశాను, విన్నాను, వెళ్తాను. అంతే షరతు."

"అదెంత పని టీచర్!" అంది హెప్సిబా.

ఆదివారం ఉదయానికి గేటు దగ్గర టీవీ చానెల్ కారు ఆగి ఉంది. మాది రేకుల కప్పు గుడి. నాలుగు ఫ్యాన్లలో రెండే తిరుగుతాయి. ఆడవాళ్లం ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చుంటాం. సలోమి లోపలికి రాలేదు. గుమ్మం బయట, చెప్పులు విడిచేచోట, కొంగు నెత్తిన వేసుకుని కూర్చుంది. బల్ల మీద రొట్టె, ద్రాక్షారసం తెల్లగుడ్డ కప్పి ఉన్నాయి. పాస్టరుగారి అనుమతితో టీచరు లేచి తన షరతు సంఘానికంతా చెప్పింది.

పెద్దల్లో ఒకరైన దానియేలుగారు ఎవరికీ అవకాశమివ్వకుండా లేచారు. "నేను ఈవిడగారి సంగతి ముందే పసిగట్టాను!"

మొదట 'నేను' ఉంది, చివర 'ను' ఉంది.

"వ్యాకరణం కుదిరింది దానియేలుగారూ," అంది టీచరు. "పసిగట్టిన సంగతి మార్తమ్మకి ఎప్పుడు చెప్పారు?"

వెనక చాపల మీంచి నవ్వొకటి వినిపించింది. దానియేలుగారు పంచె సర్దుకుని కూర్చున్నారు.

హెప్సిబా లేచింది. చేతిలో నాలుగు కాగితాలు. మోసం చేసింది, సంఘం పరువు తీసింది, పేదదాని కాలు పోగొట్టింది. రాత్రంతా రాసుకున్న వాక్యాలన్నీ 'ది'తోనే ముగుస్తున్నాయి. "నేను..." అని ఆగింది. కాగితం తిప్పింది. మళ్లీ "నేను..." అంది. ఏ వేదిక మీదా తడబడని గొంతు. ఆమె చూపు మార్తమ్మ కాలికున్న కట్టు మీద పడింది. మార్తమ్మ దగ్గరున్నది బొత్తాల ఫోను. అందులో వీడియోలు రావు.

"నేను ఆ వీడియో మార్తమ్మ పిన్నికి నా ఫోనులో చూపించాను," అంది హెప్సిబా. "మన పేట సాక్ష్యం చూడు పిన్నీ అన్నాను. రెండుసార్లు చూపించాను." కాగితాలు మడిచి కూర్చుంది.

అప్పుడు గుమ్మం బయటి నుంచి సలోమి గొంతు వచ్చింది. "నేను... ఆ సభలవాళ్లు చెప్పమంటే..." అక్కడ ఆగిపోయింది. వాళ్లు చెప్పమన్నారు అంటే వాక్యం వాళ్లదైపోతుంది. లేచి నిలబడి, కొంగు తీసి, అందరికీ మొహం కనబడేలా చెప్పింది: "నేను అబద్ధం చెప్పాను."

అందరం మార్తమ్మ వైపు చూశాం. పోగొట్టుకున్నది ఆమె. ఆ రోజు మాట చెల్లేదీ ఆమెదే.

మార్తమ్మ కూర్చునే మాట్లాడింది. "నేను కోర్టుకొస్తాను సలోమీ. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఇవాళైతే నేను నిన్ను క్షమించలేను." తర్వాత కట్టుకట్టిన కాలిని రెండు చేతులా ఎత్తి పక్కకి పెట్టుకుంది. చాప మీద ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీ అయింది. "నేను కొంచెం జరుగుతాను. రావే, వచ్చి కూర్చో. చెప్పుల దగ్గరేంటి, కుక్కలు తిరిగేచోట?"

సలోమి వచ్చి ఆ చోటులో కూర్చుంది. రొట్టె చేయి చేయి మారి వచ్చినప్పుడు మార్తమ్మే దాన్ని ఆమెకి అందించింది, మొహం చూడకుండానే. కొట్లాట కోసం కాసుక్కూర్చున్న కెమెరావాళ్లకి ఒక ఇడ్లీలమ్మ జరిగి కూర్చోవడం వార్త కాలేదు. కారెక్కి వెళ్లిపోయారు. పోనీ. మా రేకుల గుడిని చూసి నవ్వినవాళ్లందరికీ చెబుతున్నాను, ఆ ఉదయం నేనక్కడున్నాను. పాలరాతి గుళ్లు ఎన్ని చూపించినా ఆ చాప మీద చోటుకి సాటి రావు.

ఆరాధన అయ్యాక టీచరు చాపలు చుడుతుంటే హెప్సిబా రెండో కొస పట్టుకుంది. "నా ప్రశ్నకి జవాబు చెప్పనేలేదు టీచర్. కృపా, చేతకానితనమా?"

"ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వచ్చా, అని కదూ అడిగావు?" అంది టీచరు, చాప దులుపుతూ. "రానిచ్చే కర్త ఎవరో నువ్వింకా చెప్పలేదు హెప్సీ."