తలుపు తీస్తే ఆరే దీపం

జరీనా కొడుకు యూనుస్‌కి ఆరేళ్లు. చలికి తలుపులన్నీ బిగించుకున్న ఆ విన్నిపెగ్ ఇంట్లో మూడు వారాలుగా వాడికి దగ్గు. మందులు పనిచేస్తున్నాయి, ఇక కావలసింది నిద్రే అంది డాక్టరమ్మ. ఆ మాట జరీనా చెవికెక్కలేదు. ఇంటిని వెచ్చబెట్టే గాలి మీదే ఆమెకి అనుమానం. ఆ గాలి వచ్చే యంత్రంలో బూజునీ క్రిములనీ చంపే అల్ట్రావయొలెట్ దీపం పెట్టించింది.

పెట్టించాక ఉన్న కాస్త నెమ్మదీ పోయింది. యంత్రం తలుపు తీసి చూసినప్పుడల్లా లోపల చీకటే. తనే కొత్తవి తెప్పించి రెండుసార్లు మార్చింది. అవీ అంతే.

ఆ మధ్యాహ్నం ఆమె గురువు మస్తాన్ సాహెబ్ వచ్చాడు. ముప్ఫయ్యేళ్లు గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో యంత్రాలు చూసుకుని, ఆ తర్వాత దర్గా దారి పట్టిన మనిషి. ఇప్పుడు ఈ చలిదేశంలో కొడుకు దగ్గర ఉంటున్నాడు.

టీ ఇచ్చి కూర్చుందేగానీ, జరీనా రెండుసార్లు లేచి పిల్లవాడి గది తలుపు తీసి చూసొచ్చింది. మూడోసారికి వాడు లేచి కూర్చున్నాడు.

"అమ్మీ, నిద్రపోనీ నన్ను!"

ఆ వెంటే దగ్గు తెర. వాణ్ని మళ్లీ పడుకోబెట్టి వచ్చి కూలబడింది.

"కంటినిండా నిద్రపోయి మూడు వారాలైంది హజ్రత్. తస్బీ పూసలు తిప్పుతూ జపం చేస్తున్నా చెవి వాడి ఊపిరి మీదే. నమ్మకం ఎలా కుదురుతుంది?"

"ఏదీ, ఆ దీపం చూపించు."

కింద గదిలో ఆమె యంత్రం తలుపు లాగింది. చీకటి.

"చూశారా? మూడోదీ చచ్చింది!"

సాహెబ్ వంగి, చట్రం అంచున ఉన్న చిన్న బొడిపెను వేలితో చూపించాడు.

"తలుపు మూస్తే ఇది నొక్కుకుంటుంది, దీపం వెలుగుతుంది. తీస్తే ఆరిపోతుంది. ఆ వెలుగు కళ్లకి చేటు, అందుకని."

జరీనా వంగి ఆ బొడిపె వైపు చూసింది. "అయితే ముందు తీసేసినవి?"

"ఎక్కడ పడేశావు?"

"గరాజ్‌లో."

"పాపం, వాటి తప్పేం లేదు" అని నవ్వాడు ముసలాయన.

"మరి వెలుగుతోందో లేదో ఎలా చూసుకోను?"

ఆయన తలుపు మూశాడు. మూసిన తలుపు మీద చెయ్యి తియ్యకుండా అన్నాడు:

"నువ్వు చూస్తున్నంతసేపూ వెలగదమ్మా."

మెట్లెక్కి పైకి వచ్చారు. యూనుస్ గది ముందు ఆమె కాళ్లు వాటంతటవే ఆగాయి. చెయ్యి తలుపు పిడి మీద పడింది. లోపల ఏ చప్పుడూ లేదు.

చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత చెయ్యి తీసేసి, గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

వంటింట్లో సాహెబ్ చల్లారిన టీ తనే వేడిచేసుకుంటున్న అలికిడి. లేచి వెళ్లాలనుకుంది. అంతలోనే కళ్లు మూతపడ్డాయి.