‘ఉ.’ అంటే ఉసిరి

“దాచుకున్న విద్య దొంగసొత్తు! అక్షరమ్ముక్క వచ్చిన ఎవరైనా సరే, చదివి మందు చేసుకునేలా రాస్తాను. ఇది నా మాట.”

నల్లమల అంచున ఉన్న మఠంలో, వైద్యం నేర్పే రేవణయ్య ఎదుట నిలబడి సంగముడు అలా మాటిచ్చాడు. కొండగూడేలకు పంపే మందుల పొత్తం రాసే పనిని గురువు అతనికే అప్పగించాడు.

మొదట్లో పేర్లన్నీ నిండుగా రాశాడు. రానురాను చెయ్యి నొప్పెట్టింది. తాటాకులూ తరిగిపోయాయి. శొంఠి ‘శొ.’ అయింది. పిప్పలి ‘పి.’ అయింది. తిరగేసి చూస్తే మహాపండితుల గ్రంథంలా కనబడింది. సంగముడు లోలోపల మురిసిపోయాడు.

పొత్తం ముగిసిన నాడు రేవణయ్య దగ్గుతూ అందులోంచి ఒక ఆకు తీసి, మఠంలో కొత్తగా చేరిన చెన్నమ్మ చేతికిచ్చాడు.

“తల్లీ, ఇందులో ఉన్నట్టు నాకు దగ్గుమందు చేసిపెట్టు.”

తన పొత్తంలోని తొలి మందు గురువే తాగబోతున్నాడు! సంగముడి ఛాతీ పొంగింది.

చెన్నమ్మ నూరి, కలిపి గిన్నె తెచ్చింది. రేవణయ్య దాన్ని పెదవుల దాకా ఎత్తి ఆగాడు. అప్పుడు సంగముడి చూపు ఆమె మందు నూరిన కల్వం మీద పడింది. పక్కన ముళ్ళకాయ తొక్కలు.

ఒక్క దూకు దూకి గిన్నెను కొట్టిపడేశాడు.

“ఏం వేశావు ఇందులో?”

“‘ఉ., తేనె’ అని ఉంది కదన్నా. ఉమ్మెత్త వేశాను. మా ఊళ్ళో దగ్గొస్తే అదే.”

“ఉసిరి! ‘ఉ.’ అంటే ఉసిరి! అయ్యవారికి విషం పోస్తావా? తెలియకపోతే అడగొద్దూ?”

రేవణయ్య తడిసిన పంచె దులుపుకున్నాడు. “గూడెంలో ఎవర్ని అడుగుతారు నాయనా?”

సంగముడు ఊరుకోలేదు. “మీరు మాత్రం తులానికి ‘తు.’ అని రాయరా?”

“రాస్తాను. మొదటి ఆకు మీద ‘తు. అంటే తులం’ అని చెప్పి మరీ రాస్తాను. త్రాసు పట్టినవాడికి ‘తు.’ ఒక్కటే. అడవిలో ‘ఉ.’లు ఎన్ని?”

సంగముడు వంగి తొక్కలు ఏరసాగాడు. ముల్లు దిగింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

రేవణయ్య కొత్త తాటాకుల కట్ట, గంటం తెచ్చి అతని ముందు పెట్టాడు.

“గూడేలవాళ్ళు పొత్తం కోసం వచ్చేది శివరాత్రికి. దాచుకున్న విద్య దొంగసొత్తు అన్నావు కదా. దొంగ ఎవరో శివరాత్రిలోగా చెప్పు.”