మేదిని పట్టిన మూడు ఉపవాసాలు

విన్నవారికి విన్నంత, అనగనగా మంజీరపురమనే పట్నం. దాన్ని సుమేధుడనే రాజు ఏలేవాడు.

ఆయన కట్టించిన విద్యాపీఠంలో అన్ని మతాలనూ పక్కపక్కన పెట్టి చదివేవారు. చదువు తక్కువ, పోట్లాట ఎక్కువ. "మా ఉపవాసం గొప్ప" అని ఒకడంటే, "కాదు, మాదే గొప్ప" అని ఇంకొకడు. శిష్యులు రోజూ గొంతులు చించుకునేవారు. రాజుకి విసుగొచ్చింది.

"ఎవరి ఉపవాసం గొప్పదో తేల్చండి. ఇకమీదట ఆ మతం ఒక్కటే నేర్పుదాం, మిగతా పాఠాలు మూసేద్దాం. తేల్చినవారికి పీఠంలో చోటిస్తాను" అని చాటింపు వేయించాడు.

ఆ పట్నంలోనే మేదిని అనే పిల్ల ఉంది. గురువు లేడు. దొరికిందల్లా తనంతట తనే చదువుకుంది. ఎలాగైనా ఆ పీఠం గడప దాటాలని ఆమె ఆశ. ఇది తప్పితే ఇంకో దారి లేదు. "చదివింది చాలు, చేసి చూస్తాను" అని బయల్దేరింది. ఆ ఏడు మూడు మతాల ఉపవాసాలూ దగ్గర దగ్గరగా వచ్చాయి.

ఏకాదశినాడు కామాక్షమ్మ గారింటికి వెళ్లింది. పొద్దుట్నుంచీ నోరు కట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి కామాక్షమ్మ అరటిపండ్లూ పాలూ తెచ్చి ముందు పెట్టింది.

"అయ్యో పిన్నిగారూ, ఉపవాసం కదా!"

"ఉపవాసమేనే. అన్నం ముట్టం. పండూ పాలూ తీసుకుంటే తప్పేమిటి? కడుపు మాడుతుంటే గోవిందుణ్ణి తలుస్తావా, గోంగూర పచ్చడిని తలుస్తావా?"

ఓహో, ఉపవాసమంటే అన్నం మానడమన్నమాట అనుకుంది మేదిని. ఆ మాట గట్టిగా గుర్తుపెట్టుకుంది.

రంజాన్ నెల వచ్చింది. జైతూన్‌బీ ఇంట్లో తెల్లారకముందే లేచి, అందరితో కలిసి తింది. మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టింది. నెమ్మదిగా వంటింట్లోకి వెళ్లి చెంబెడు పాలు తాగేసింది.

"యా అల్లా! రోజా ఉపవాసం పోగొట్టుకున్నావు కదే!" అని జైతూన్‌బీ నెత్తి కొట్టుకుంది.

"అన్నం ముట్టలేదు ఖాలా! పాలేగా!"

"పొద్దు గుంకేదాకా నీళ్లచుక్క కూడా దిగకూడదు బిడ్డా. వంటింట్లో నిన్ను ఎవరూ చూడరు. అయినా తాగవు చూడు, అదీ రోజా. చూసేవాడొక్కడున్నాడు, మాట ఆయనకిచ్చాం."

పొద్దు గుంకాక ఆవిడే ఖర్జూరాలు చేతిలో పెట్టి, మాంసం కూర కొసరి కొసరి వడ్డించింది.

ఆ తర్వాత క్రైస్తవుల శ్రమదినాల్లో ఎలీసమ్మ ఇంటికి వెళ్లింది. "ఈసారి తప్పు చేస్తే ఒట్టు" అనుకుంది. ఉమ్మి కూడా మింగలేదు. ఎలీసమ్మ పప్పూ అన్నం కలిపి పిలిస్తే తల అడ్డంగా ఊపింది. పొద్దు గుంకగానే పీట వాల్చుకుని కూర్చుంది.

"అత్తా, ఇక మాంసం కూర పెట్టు!"

ఎలీసమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "పండగ వచ్చేదాకా మా ఇంట మాంసం ఉడకదమ్మా. ప్రభువు పడ్డ శ్రమలు తలుచుకునే రోజులివి. మధ్యాహ్నం అన్నం వద్దన్నావు, ఇప్పుడు మాంసం అడుగుతున్నావు! ఎవరు నేర్పారే నీకిది?"

"అందరూ కలిసి నేర్పారు" అంది మేదిని. ఏడవడం ఒక్కటే తక్కువ.

ఆ సంగతి తేల్చే సభ రోజు వచ్చింది. విద్యాపీఠంలో పెద్ద శిష్యుడు దండపాణి ముందుగా లేచాడు.

"మహారాజా, గ్రంథాలన్నీ తిరగేశాను. ఎవరు ఎక్కువ ఆకలికి ఓర్చుకుంటే వారి ఉపవాసమే గొప్పది. సెలవిస్తే పేరు చెబుతాను."

సభంతా చప్పట్లు కొట్టింది. రాజు తల ఊపబోయాడు. అంతలో మేదిని లేచింది.

"అయితే మహారాజా, పోయిన కరువులో మా వీధివాళ్లు చేసిందే అందరికన్నా గొప్ప ఉపవాసం. మాకు గంజి కూడా లేదు."

"అది ఉపవాసం కాదమ్మా, పస్తు" అన్నాడు దండపాణి.

"మరి తేడా ఆకలిలో లేనట్టేగా అన్నా?"



"ఎందులో ఉందో నువ్వే చెప్పు" అన్నాడు రాజు.

"ముగ్గురూ మూడు చెప్పారు మహారాజా. కామాక్షమ్మగారు దేవుణ్ణి తలవడానికి ఒళ్లు తేలిక చేసుకుంటారు. జైతూన్‌బీ ఇచ్చిన మాట నిలబెట్టుకుంటుంది. ఎలీసమ్మ ప్రభువు బాధకి తోడు కూర్చుంటుంది. నేనేమో ఒక ఇంటి నియమం మోసుకెళ్లి, ఇంకో ఇంట్లో నవ్వులపాలయ్యాను. ఏది గొప్పదో నాకు తెలీదు. వెళ్లకముందు తెలిసినట్టే ఉండేది. ఇప్పుడంతా అయోమయంగా ఉంది."

చోటు పోయినట్టేననుకుని గుమ్మం వైపు తిరిగింది.

"పాపం, ఇంత అయోమయంలో ఉన్న పిల్లని పీఠంలో ఎలా చేర్చుకుంటాం?" అన్నాడు రాజు.

పీఠానికి పెద్ద, ముసలి కులపతి గడ్డం నిమురుకున్నాడు. "అంతా తెలిసిపోయినవాళ్లకి బడి ఎందుకు మహారాజా?"

రాజు పకపకా నవ్వాడు. ఏ పాఠమూ మూయలేదు. మర్నాడు మేదిని పీఠంలో కూర్చుంది, దండపాణి పక్కనే. ఆమె అయోమయం ఇంకా తీరలేదు. అతనికి అప్పుడే మొదలైంది.

నీతి: ఒకరి కొలతబద్దతో ఇంకొకరి భక్తిని కొలిస్తే, తెలిసేది ఆ బద్ద పొడవు మాత్రమే.