సలోమి డాక్టరమ్మ పేరు

కాకినాడలో పరాంకుశం గారికి ఒక అలవాటు. ఆయన చేసేది కంప్యూటర్ల భద్రత పరీక్ష. దూరాన్నుంచి లాగినయ్యే దారులు దొంగకు లొంగుతాయా లేదా అన్నది, యజమానులు కోరితేనే, తనే దొంగలా ప్రయత్నించి చెప్పేవారు. పని మొదలుపెట్టే ముందు మాత్రం తప్పకుండా ఫోన్ చేసి, "ఈ దారిలో రోజూ ఎవరొస్తారండీ?" అని అడిగేవారు. ఆ కబుర్లు ఒక పట్టాన తెమిలేవి కావు.

శిష్యుడు సుధన్వకు ఆ జాప్యం గిట్టేది కాదు. ఒకనాడు అడిగేశాడు.

"తాళం గట్టిదో కాదో చూడమనే కదండీ మనల్ని పిలిచింది? వచ్చేపోయేవాళ్లతో మనకేం పనండీ?"

పరాంకుశం గారు, "రేపు ఆస్పత్రి పని నువ్వే చూడు" అన్నారు.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు. మర్నాడు మధ్యాహ్నం సుధన్వ ఎవరికీ ఫోన్ చెయ్యకుండానే కూర్చున్నాడు. ఆస్పత్రి వెబ్‌సైటులో కనిపించిన మొదటి పేరుతో లాగినవ్వాలని, పాస్‌వర్డు ఊహించి కొట్టడం మొదలుపెట్టాడు. తప్పులు ఎక్కువయ్యేసరికి ఆ పేరుకు తాళం పడింది. ఇక సరైన పాస్‌వర్డు కొట్టినా సాయంత్రం దాకా తెరుచుకోదు. సంతోషంతో వాడి కాళ్లు నేలమీద నిలవలేదు. ‘దారి భద్రంగా ఉంది’ అని రిపోర్టులో రాసి గురువుగారికి చూపించాడు.

"ఆ పేరు ఎవరిది?"

"తెలీదండీ."

"కనుక్కో."

సుధన్వ ఆస్పత్రికి ఫోన్ చేశాడు. నర్సు ఎత్తింది. "సలోమి డాక్టరమ్మ గారాండీ? మధ్యాహ్నం పూట ఇంటి దగ్గర్నుంచే స్కాన్లు చూస్తారండీ. ఇప్పుడే మేడమీంచి పడ్డ తాపీమేస్త్రిని తెచ్చారు. తలకి దెబ్బ. ఆవిడ చూసి చెబితేగానీ ఆపరేషన్‌కి తీసుకెళ్లరు."

సుధన్వకు అర్థమైంది. తను మూసిన దారి అదే.

"చూశారాండీ?"

"ఉండండి, కనుక్కొస్తాను."

ఫోన్‌లో ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపిస్తోంది. ఆ మేస్త్రి భార్యే అయి ఉంటుందనుకున్నాడు సుధన్వ. వాడి పైప్రాణాలు పైనే పోయాయి. గురువుగారి వైపు చూసే ధైర్యం కూడా లేకపోయింది.

నర్సు తిరిగొచ్చింది. "చూశారండీ. లోపలికి తీసుకెళ్లిపోయారు కూడా. ఇవాళ డాక్టరమ్మ గారు ఇంటికెళ్లలేదు, ఇక్కడే ఉన్నారు. మీ మాస్టారు పొద్దున్నే ఫోన్ చేసి, ఈపూటకి ఉండిపొమ్మన్నారటండీ."

సుధన్వ ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు. సిగ్గుతో రిపోర్టు తీసి, రాసిన వాక్యం కొట్టెయ్యబోయాడు.

"అదెందుకు కొట్టేస్తావు? దొంగ రాలేకపోయిన మాట నిజమే కదా" అన్నారు పరాంకుశం గారు. "మరి ఆవిణ్ణి బయట నిలబెట్టడానికి నీకేం కావలసొచ్చింది?"

"ఆవిడ పేరొక్కటేనండీ."

పరాంకుశం గారు తలపంకించారు.

"ఆస్పత్రి గుమ్మం దగ్గర బోర్డు మీద కూడా ఉంటుంది, దారినపోయే ప్రతివాడికీ కనిపించేలా, ఆ పేరు."