నాంచారమ్మ డిప్ప కింది మాటలు

ముందే చెప్తున్నాను, ఈ కథలో నేనూ ఒక సంగతి దాస్తాను. అది ఎప్పుడు బయటపెట్టాలో నాకు తెలుసు. మధ్యలో అడగొద్దు.

మద్దిచెట్లు గుబురుగా పెరిగిన ఓ అడవిలో, వాగు మలుపు తిరిగే చోట రాతి చూరు ఒకటుంది. దాని కింద నాంచారమ్మ అనే ముసలి తాబేలు ఉండేది. మనసులో బరువు మొయ్యలేని జంతువులన్నీ దాని దగ్గరికే వెళ్ళేవి. వచ్చినవాళ్ళు చెప్తుంటే నాంచారమ్మ తల డిప్పలోకి లాక్కుని వినేది. మొహం చూస్తే సిగ్గుపడతారని. అడిగితే సలహా చెప్పేది, అడక్కపోతే అదీ లేదు. వాళ్ళు వెళ్ళాక ఇసుకలో వాళ్ళ అడుగుల మీదుగా పొట్ట ఈడ్చుకుంటూ నడిచి, వచ్చిన జాడ కూడా లేకుండా చెరిపేసేది. ఆ దారిలో ఎవరు ఎవరికి ఎదురుపడ్డా పలకరించుకునేవాళ్ళు కాదు. అది అక్కడి మర్యాద.

మొదటిసారి వచ్చిన ప్రతివాళ్ళకీ నాంచారమ్మ ఒక సంగతి చెప్పేది. "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. ఎవరి ప్రాణమైనా పోయేట్టుంటే తప్ప నోరు విప్పను. విప్పాల్సి వస్తే ముందు నీకు చెప్పే విప్పుతాను."

అలా వచ్చినవాళ్ళలో చుక్కమ్మ అనే లేడి ఒకతి. రేవు దగ్గర తన చెల్లెల్ని చిరుత పట్టుకుపోతుంటే కళ్ళారా చూసింది. అప్పట్నుంచీ చిరుత వాసన తగిలితే చాలు, నాలుగు కాళ్ళూ కొయ్యబారిపోతాయి. పరిగెత్తలేదు, అరవలేదు.

"మందలో తెలిస్తే నన్ను అంచున నిలబెడతారు పెద్దమ్మా," అని ఏడ్చేది. "పనికిరానిదాన్ని మధ్యలో ఎవరు పెట్టుకుంటారు? ఇక ఆ చిరుతకే తెలిసిందనుకో, దానికి పరిగెత్తే పని కూడా ఉండదు. నడుచుకుంటూ వచ్చి నన్ను తీసుకుపోతుంది."

"నా వల్ల తెలియదు," అంది నాంచారమ్మ.

చుక్కమ్మ ప్రాణం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

అదే అడవిలో వీరాస్వామి అనే నక్క ఉండేవాడు. చిరుత తిని వదిలేసిన ఎముకలే వాడి తిండి. దొరసానీ, దొరసానీ అంటూ దాని వెనకే తిరిగేవాడు. ఈ మధ్య ఆ చిరుతకి ముందుకాలు వాచి వేట సాగటం లేదు. ఓ రోజు వాడి వైపు తిరిగి, "రేపు పొద్దుగూకేలోపు సులువుగా దొరికే మాంసం చూపించు. లేదంటే నువ్వూ మాంసమేగా," అంది. 

ఆ భయంతో వాగు వెంట తిరుగుతుంటే రాతి చూరు ముందు లేడి గిట్టల జాడ కనిపించింది, వాసన చూస్తే చుక్కమ్మదే. వయసు మీద పడింది కదా, నాంచారమ్మ ఆ రోజు సగం చెరిపి ఆయాసపడి ఆగిపోయింది. ఎంత చిన్న పొరపాటో చూడండి.

"అత్తా, బాగున్నావా?" అన్నాడు వీరాస్వామి.

"బాగానే ఉన్నా. చెప్పుకోటానికొచ్చావా, అడగటానికొచ్చావా?"

"చుక్కమ్మ వచ్చి వెళ్ళినట్టుంది. పాపం, దానికేమైంది?"

"ఎవరొచ్చారో, ఎవరు రాలేదో నేను చెప్పను."

"జాడ కనిపిస్తూనే ఉందిగా."

"అయితే ఆ జాడనే అడుగు."

వీరాస్వామి నవ్వాడు. "అది నా కూతురులాంటిది అత్తా. మనసు బాగోలేదని తెలిస్తే నలుగురం వెళ్ళి ఓదార్చమూ?"

"ఓదార్పు కావాలనుకుంటే అదే వచ్చి అడుగుతుంది. నిన్ను అడిగిందా?"

వాడు గొంతు తగ్గించాడు. "సరే, అసలు సంగతి చెప్తా. దాని ప్రాణం మీదికొచ్చింది. చిరుత కన్నేసింది. ప్రాణం పోయేట్టుంటే నోరు విప్పుతానని నువ్వే అంటావుగా. విప్పు మరి, నేను కాపాడతా."

నాంచారమ్మ తడబడింది. నిజంగానే తడబడింది, ఎందుకంటే అది తన మాటే. కాసేపటికి తల బయటపెట్టి వాడి మొహంలోకి చూసింది.

"ప్రాణం మీదికొస్తే కాపాడగలిగినవాళ్ళకి చెప్తా. అదీ ఎంత అవసరమో అంతే. అదీ తనకి చెప్పి. నీ మూతికి ఎవరి నెత్తురో ఇంకా ఆరలేదు, నువ్వా కాపాడేది?"

వాడి నవ్వు పోయింది. "రేపు అడిగేది నేను కాదులే. అప్పుడు నువ్వే చెప్తావు," అని వెళ్ళిపోయాడు.

దాచానన్నానే, ఆ సంగతిలో సగం ఇప్పుడు చెప్తాను. పోయిన వానాకాలంలో ఈ వీరాస్వామి కూడా ఇదే చూరు కింద మూడు రోజులు ఏడ్చిపోయాడు. ఏం చెప్పుకున్నాడో నాంచారమ్మకి తెలుసు. ప్రాణభయంలో ఉన్నవాడికి ఆ సంగతి తలుచుకునే తీరికే లేకపోయింది.

రోజూ వచ్చే వేళదాకా ఆగితే ఆలస్యమైపోతుందని, తెల్లారగానే నాంచారమ్మ చుక్కమ్మని హెచ్చరించటానికి అది మేసే బయలుకి బయల్దేరింది. ఎవరి చేతైనా కబురు పంపొచ్చు. కానీ పంపితే చుక్కమ్మ తన దగ్గరికి వస్తోందని ఆ కబురు మోసేవాళ్ళకి తెలిసిపోతుంది. అందుకని తనే నడిచింది. తాబేటి నడక మీకు తెలుసుగా. ఎండ నెత్తికెక్కేసరికి ఇసుకతిన్నె సగం కూడా దాటలేదు. తొందర ఎంత ఉన్నా, కాళ్ళు మాత్రం వాటి నడకే అవి నడుస్తున్నాయి.

ఇంతలో ఒక నీడ మీద పడింది.

చిరుత కుంటుకుంటూ వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. దాని వెనకాల వీరాస్వామి. చిరుత మంచి కాలితో ఒక్క దెబ్బ వేసి నాంచారమ్మని వెల్లకిలా తిప్పేసింది. వెల్లకిలా పడ్డ ముసలి తాబేలు తనంతట తాను లేవలేదు. ఎండ పొట్టని నిప్పులా కాల్చింది.

"ఆ లేడికేమైంది?" అంది చిరుత.

"చెప్పను."

"ఇలాగే వదిలేసి పోతా. సాయంత్రానికి ఎండిపోతావు."

"భయంగానే ఉంది దొరసానీ. చాలా భయంగా ఉంది. అయినా చెప్పను."

అది అబద్ధం కాదు. దాని నాలుగు కాళ్ళూ గాల్లో వణుకుతున్నాయి. వాసన అనే ఒక్క మాట అంటే చాలు, మళ్ళీ చల్లటి నీళ్ళలోకి వెళ్ళిపోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాంచారమ్మ కళ్ళు మూసుకుని మింగేసింది.

"ఎందుకే నీకింత మొండితనం?"

"ఒకళ్ళది విప్పితే అందరిదీ విప్పినట్టే. ఇవాళ మీకు చెప్పే నోరు రేపు ఇంకొకరికి మీ సంగతి చెప్పదా దొరసానీ?"

చిరుత కళ్ళు చిన్నవయ్యాయి. నెమ్మదిగా ఇసుకలో కూర్చుంది. "అయితే అందరిదీ ఉందన్నమాట నీ దగ్గర. మరి ఒక్క లేడి సంగతే ఎందుకు? పోయిన వానాకాలం నుంచీ ఎవరెవరొచ్చారో, ఏమేం ఏడ్చారో వరసగా చెప్పు. వింటాను."

వానాకాలం అన్న మాట చెవిన పడగానే వీరాస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు. తను ఏడ్చింది ఈ తాబేటి ముందేనని అప్పుడు గుర్తొచ్చింది.

"ఎందుకులెండి దొరసానీ ఈ ముసలిదాని సోది. పదండి, వేరే మాంసం చూపిస్తా," అన్నాడు.

"నువ్వేగా తీసుకొచ్చావు."

"పొరపాటైంది. దీనికి మతి చలించింది. నోటికొచ్చినట్టు చెప్తుంది."

"ఇంతవరకూ అది ఏమీ చెప్పలేదురా." చిరుత వాడి కాళ్ళ వంక చూసింది. "నువ్వెందుకు వణుకుతున్నావు?"

నాంచారమ్మ ఇప్పుడు చెప్పేయొచ్చు. చెప్తే తన ప్రాణం దక్కుతుంది, వాడి పీడా వదిలిపోతుంది. కానీ వాడూ నమ్మి చెప్పుకున్నవాడే. నోరు విప్పలేదు. ఆ మౌనమే వీరాస్వామికి భరించరానిదైంది. ఇప్పుడు చెప్తుందా, ఇంకాసేపటికి చెప్తుందా అని వాడి ప్రాణం కొట్టుకుపోయింది.

"దీని మాట నమ్మకండి," అన్నాడు చివరికి. "రేచుకుక్కలకి మీ గుహ దారి నేనే చూపించానంటుంది. అబద్ధం. అవి నన్ను చంపుతామన్నా నేను చూపించలేదు."

చిరుత ఇసుకలోంచి లేచి నిలబడింది. 

దాచిన మిగతా సగం ఇదే. పోయిన వానాకాలంలో రేచుకుక్కల గుంపొకటి గుహలో దూరి చిరుత పిల్లలు రెండిటినీ చంపేసింది. వాసన పట్టుకుని వచ్చాయనే ఆ తల్లి ఇన్నాళ్ళూ అనుకుంటోంది. దారి చూపినవాడే బయటపెట్టుకున్నాడు కాబట్టి నేనూ చెప్తున్నాను.

"నా గుహ దారి గురించి," అంది చిరుత మెల్లగా, "నిన్నెవరూ అడగలేదే."

వాడు పరిగెత్తాడు. చిరుత వాచిన కాలి నొప్పి కూడా మరిచి వెంటపడింది. కొండ మలుపు అవతల ఒక అరుపు వినిపించింది, ఆ తర్వాత ఇంకేమీ వినిపించలేదు.

రోజూ వచ్చే వేళకి చుక్కమ్మ ఆ ఇసుకతిన్నె మీదుగా వచ్చింది. ఇసుకలో చిరుత వాసన ఇంకా దట్టంగా ఉంది. దాని నాలుగు కాళ్ళూ కొయ్యబారాయి. పదడుగుల దూరంలో నాంచారమ్మ వెల్లకిలా పడి ఉంది, మెడ వాలిపోయి.

"పెద్దమ్మా, నేను కదల్లేను."

"తెలుసమ్మా."

"నేను కదలకపోతే నువ్వు చచ్చిపోతావు."

"చిరుత వెళ్ళిపోయింది. అది అడిగింది నీ గురించే, నీకు తెలియాలి కాబట్టి చెప్తున్నా." నాంచారమ్మ తల ఎత్తబోయి మళ్ళీ వాల్చేసింది. "నేను చెప్పలేదు."

చుక్కమ్మ ఎండకి కమిలిన ఆ పొట్టని, దాని మీద పంజా గీతల్ని చూసింది. అలా ఎందుకు పడి ఉందో అర్థమై ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే ఒక కాలు కదిపింది. చాలాసేపటికి రెండోది. పదడుగులు నడవటానికి తాబేటికన్నా ఎక్కువసేపు పట్టింది, కానీ నడిచింది. మూతితో నెట్టి నాంచారమ్మని మళ్ళీ నేల మీద నిలబెట్టింది.

"ఇందాక వీరాస్వామి అరుపు విన్నాను," అంది భయంభయంగా. "వాడు కూడా నీ దగ్గరికి వచ్చేవాడా పెద్దమ్మా?"

"ఎండగా ఉంది," అంది నాంచారమ్మ. "నాకు నీళ్ళదాకా తోడు రా."

చుక్కమ్మ మళ్ళీ అడగలేదు. దాని పక్కనే, దాని నడకే నడుస్తూ, ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోని మాటొకటి మొదలుపెట్టింది. అదేమిటో నాకూ తెలియదు.

నీతి: ఎదుటివాళ్ళ గుట్టు లాగాలని చూసేవాడు ముందు తన గుట్టే కక్కుకుంటాడు.