వస్తామన్నవాళ్ళు రాలేదు

కనకవాడను ఏలే వీరకేసరి మహారాజుగారికి ఉన్నట్టుండి ఒక సరదా పుట్టింది. నగరపెద్దను నేను నియమించడమెందుకు, జనాన్నే ఎంచుకోమందాం అన్నారు. ఇంటికో చింతగింజ ఇప్పించి, నచ్చినవాడి కుండలో వెయ్యమన్నారు. ఇంకేముంది, ఊరు రెండు పక్షాలైంది. ఒకరి కుండ మీద గొడుగు బొమ్మ, ఇంకొకరి కుండ మీద చెంబు బొమ్మ.

మొదటిసారి గొడుగు పక్షం గెలిచింది. దాని నాయకుడు గరుడాచలం నగరపెద్ద అయ్యాడు. మనిషి మరీ దుర్మార్గుడేం కాదు గానీ, అద్దం ముందు కూర్చున్నాడంటే లేవడు. రెండోసారి కుండలు తెరిచి చూస్తే, గొడుగు కుండలో గింజలు అడుగు కూడా కప్పలేదు!

మర్నాడే గరుడాచలం కొలువుకొచ్చి గగ్గోలు పెట్టాడు.

"మోసం ప్రభూ! నేతగాళ్ళ పేటవాళ్ళు నా కొంప ముంచారు. పేట మొత్తానికీ బూరెలతో విందు పెట్టాను. సుష్టుగా తిన్నారు. నేను నోరు తెరిచి అడగకముందే 'వస్తామండీ' అన్నారు. ఒక్కరు కాదు, అందరూ! ఏరీ? ఎవరొచ్చారు నా వైపు? మాట తప్పినవాళ్ళకు గింజెందుకు? ఆ పేటకు ఎంచుకునే హక్కే తీసెయ్యండి!"

రాజుగారికి మాట తప్పడమంటే ఒళ్ళుమంట. వెంటనే పేట పెద్దయిన చౌడమ్మను పిలిపించారు.

"ఏమమ్మా, వస్తామన్నారా, లేదా?"

"అన్నాం దొరా," అంది చౌడమ్మ, చేతులు జోడించి. "ఇంటికెళ్ళేటప్పుడు అనే మాటే కదయ్యా అది! తిన్న ఇంట్లో నిలబడి 'పోతాం' అంటారా ఎవరైనా?"

"విన్నారా ప్రభూ, ఒప్పుకుంది!" అని గంతేశాడు గరుడాచలం. "మాటంటే మాటే. వస్తామంటే రావాల్సిందే!"

రాజుగారు మీసం దువ్వారు. చౌడమ్మ వెంట వచ్చిన పేటవాళ్ళ గుండెల్లో రాయి పడింది. ఆ ఒక్క చింతగింజ చేతిలో ఉందనే కదా, దొరలు తమ వంక చూసేది! అది కూడా పోతే ఇంక వాళ్ళ గోడు వినేదెవరు?

అప్పుడు లేచాడు మల్లుభట్టు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం, ఎదుటివాణ్ణి ఏడిపించడం అతని సరదా.

"గరుడాచలంగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం ప్రభూ!"

చౌడమ్మ నోరెళ్ళబెట్టింది. గరుడాచలం మొహం చాటంతయింది.

"అయితే ఒక్క పేటకే ఎందుకు?" అన్నాడు మల్లుభట్టు. "వస్తానని రానివాడు ఎవడైనా సరే, గింజ వెయ్యకూడదు, కుండా పెట్టకూడదు. ఊరంతటికీ ఇదే చట్టం చేసెయ్యండి."

"భేష్! అలా గడ్డి పెట్టు!" అని చప్పట్లు కొట్టాడు గరుడాచలం.

మల్లుభట్టు చౌడమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, కిందటిసారి గెలిచాక ఈయన మీ పేటకొచ్చాడా?"

"రాకేం నాయనా, ఏనుగెక్కి వచ్చాడు. దండలు వేశాం, హారతిచ్చాం. బావి ఎండిపోయిందయ్యా అని మొర పెట్టుకున్నాం. విన్నాడు."

"విని?"

"'వస్తాను' అన్నాడు."

"వచ్చాడా?"

"ఏదీ! ఇదిగో, మళ్ళీ ఇక్కడే దగ్గరగా చూడటం. మొన్న బూరెలు కూడా తన మనుషుల చేతే వడ్డించాడు. గుమ్మంలో సెలవు తీసుకుందామన్నా కిందికి దిగలేదు, 'వస్తామండీ' అని మేమే కేకేస్తే మేడ మీద కిటికీలోంచి చెయ్యూపాడు."

సభంతా గరుడాచలం వైపు తిరిగింది. పాపం, అతని తలపాగా కింద నుంచి చెమట కారిపోతోంది.

"అది... అది మాటివ్వడం కాదు ప్రభూ!" అని నత్తినత్తిగా అన్నాడు. "వెళ్ళేటప్పుడు ఎవరైనా వస్తాననే అంటారు. అది ఉత్త సెలవు తీసుకోవడం! ఆమాత్రం తెలీదా?"

మల్లుభట్టు వంగి దణ్ణం పెట్టాడు.

"వాళ్ళూ అదే చేశారు స్వామీ. మీ పక్షం దగ్గర సెలవు తీసుకున్నారు!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. సభ గొల్లుమంది. చౌడమ్మ అయితే కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది.

నవ్వు ఆగాక రాజుగారు తమ పట్టుశాలువా తీసి మల్లుభట్టు భుజాన కప్పారు. నేతగాళ్ళ పేట గింజ నేతగాళ్ళ పేటకే ఉంటుందని, బావి తామే తవ్విస్తామని సెలవిచ్చారు.

గరుడాచలం మాత్రం లేచాడు, నోరు తెరిచాడు, చప్పున మూసేసుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోయాడు.